పొట్టు ఉండలో చిక్కుకున్న నీళ్లు

ప్రియమైన పిల్లలకు,

తాతయ్య ఆశీస్సులు. మీరు పంపిన ఫొటోలు చూశాను. పొయ్యిలో మండించే ఉండల కోసం రంపపు పొట్టు, నానబెట్టిన పాత పేపర్లు, బొగ్గు పొడి కలిపి గొట్టంలో కూరి, కారు జాకీతో నొక్కితే ముద్ద గట్టిపడకపోగా అంచుల్లోంచి బురదలా చిమ్మిందని రాశారు. ఇంకా పెద్ద జాకీ తెస్తే సరిపోతుందా అని అడిగారు. సరిపోదు. బలం మీ దగ్గర చాలినంత ఉంది. లేనిదల్లా నీళ్లు బయటికి పోయే దారి.

నీటిని ఎంత నొక్కినా అది కుదించుకుపోదు. నీరు పోయే దారి లేని గొట్టంలో మీరు వేసిన బరువంతా నీరే మోస్తుంది, పొట్టు రేణువుల దాకా ఆ బరువు చేరదు. మధ్యనున్న నీరు తప్పుకుంటేనే రేణువులు ఒకదానినొకటి ఒత్తుకుంటాయి. తడి బంకమట్టి మీద కట్టిన భవనాలు ఏళ్ల తరబడి నెమ్మదిగా ఎందుకు కుంగుతాయో కార్ల్ టెర్జాగి అనే ఇంజనీరు 1925లో వెలువరించిన పుస్తకంలో ఈ సూత్రంతోనే వివరించాడు. ఆయన లెక్కలో మీకు పనికొచ్చే మాట ఒకటుంది: నీరు బయటపడడానికి నడవవలసిన దూరం రెట్టింపయితే, పట్టే కాలం రెట్టింపు కాదు, నాలుగు రెట్లవుతుంది.

ఇప్పుడు మీ గొట్టాన్ని చూడండి. జానెడు ఎత్తున ముద్ద నింపారు, నీరు పోయే చోటు అడుగున ఒక్క సందు మాత్రమే. పై పొరలోని నీరు ఆ జానెడు దూరమూ నడిచి రావాలి. గొట్టం చుట్టూ సన్నని రంధ్రాలు వేయించండి. పది సెంటీమీటర్ల వెడల్పు గొట్టమైతే నడిమధ్యనున్న నీటికి కూడా దూరం ఐదు సెంటీమీటర్లకు తగ్గుతుంది. నడుమ రెండు సెంటీమీటర్ల చిల్లుల గొట్టం ఒకటి నిలబెడితే, నీరు లోపలికీ బయటికీ రెండు వైపులా పోతుంది కాబట్టి ఇంచుమించు రెండు సెంటీమీటర్లు నడిస్తే చాలు. ఆ నడిమి గొట్టం తీశాక మిగిలే బోలు కూడా వృథా పోదు. పొట్టు పొయ్యి గుర్తుందా? డబ్బా మధ్యలో సీసా నిలిపి, చుట్టూ పొట్టు దట్టించి, సీసా పైకి లాగితే ఏర్పడే బొరియలోంచే మంట లేచేది. మీ ఉండ కూడా ఆ బొరియ వల్లే బాగా మండుతుంది.

ఇక బొగ్గు పొడి సంగతి. పొడి ఎంత మెత్తనిదైతే నీటిని అంత గట్టిగా పట్టుకుంటుంది. రేణువు సైజు సగమైతే, అదే ఒత్తిడికి నీరు పారే వేగం దాదాపు నాలుగో వంతుకు పడిపోతుంది. అంతేకాదు, జాకీని గబగబా తిప్పితే మెత్తని పొడి నీటితో కొట్టుకొచ్చి రంధ్రాల దగ్గర పేరుకుని, మట్టి పూసినట్టు వాటిని మూసేస్తుంది. మీరు తొందరపడిన కొద్దీ దారి మూసుకుపోతుందన్నమాట. అందుకే గొట్టం లోపల పల్చని నూలుగుడ్డ పరచండి. మిశ్రమంలో తుంచిన ఎండుగడ్డి, పీచు కలపండి, వాటి వెంట నీరు జారుతుంది. కొద్దిగా నొక్కి ఆగండి, కారడం తగ్గాక మళ్లీ నొక్కండి.

మా చిన్నప్పుడు బొగ్గుల బస్తా అడుగున మిగిలిన పొడిని మా అమ్మ పారేసేది కాదు. బంకమన్ను, పేడ కలిపి ఉండలు చేసి కుంపటికి వాడేది. ఉండను అరచేతుల మధ్య ఒక్కసారిగా పిసికేది కాదు, తిప్పుతూ తిప్పుతూ ఒత్తేది. వేళ్ల సందుల్లోంచి నల్లనీరు కారేది. కారడం ఆగి అరచెయ్యి తడిగా మాత్రమే ఉన్నప్పుడు గోడ పక్కన పెట్టేది. నేను సాయం చేస్తానని గట్టిగా పిసికిన ఉండలు నా చేతుల్లోనే పగిలిపోయేవి. ఆవిడ చేతుల తొందరలేనితనం ఎంత సరైనదో, టెర్జాగి లెక్క చదివాకే నాకు పూర్తిగా అర్థమైంది.

ఒక జాగ్రత్త చెబుతాను. జాకీ వదిలే ముందు గొట్టం చుట్టూ నిలిచిన నీటిని ఒంపేయండి. ఒత్తిడి తీయగానే ముద్ద స్పాంజిలా కాస్త పొంగి, పక్కనున్న నీటిని తిరిగి పీల్చుకుంటుంది. అంతసేపు పడిన శ్రమలో కొంత అక్కడే పోతుంది.

అయినా అంత నీరూ ఒత్తితే పోదు. చెక్క పొట్టులో రేణువుల నడుమ ఉన్న నీరు వేరు, చెక్కలోని జీవకణాల గోడల్లో ఇంకిన నీరు వేరు. ఎండిన పొట్టు బరువులో దాదాపు 30 శాతం దాకా నీటిని ఆ గోడలే పట్టి ఉంచుకుంటాయి. దానికి ఎండా గాలీ తప్ప జాకీ పనిచేయదు. ఫ్యాక్టరీల్లో తయారయ్యే నున్నని గుళికల సంగతి వేరు. అక్కడ పొట్టును ముందే ఎండబెట్టి, తేమ సుమారు పది శాతానికి తెచ్చాకే అచ్చులోకి పంపుతారు. రాపిడి వేడికి చెక్కకు గట్టిదనమిచ్చే లిగ్నిన్ అనే పదార్థం మెత్తబడి జిగురులా అతుక్కుంటుంది. అక్కడ తేమ ఎక్కువైతే లోపల ఆవిరి పుట్టి గుళిక పగిలిపోతుంది.

ఇంత కష్టం ఎందుకంటారా? కిలో నీటిని 30 డిగ్రీల నుంచి ఆవిరి చేయడానికి సుమారు 2,550 కిలోజౌళ్ల వేడి కావాలి. కిలో ఎండిన పొట్టు ఇచ్చేది దాదాపు 18,000. పొట్టూ నీరూ సమంగా ఉన్న ఉండను పొయ్యిలో పెడితే, దాని వేడిలో ఏడో వంతు సొంత నీటిని తరమడానికే సరి. ఆ లోగా మంట చల్లబడి పొగ కమ్ముతుంది. ఆ పొగ పీల్చేది పొయ్యి ముందు కూర్చున్న మనిషి. నాకు బాధ కలిగించేది అదే.

అచ్చులోంచి తీసిన ఉండలను మొదటి రోజు నీడలో, గాలి తగిలేచోట పెట్టండి. నేరుగా ఎండలో పెడితే పైపొర ముందు ఎండి ముడుచుకుని పగుళ్లిస్తుంది. రెండో రోజు నుంచి ఎండలో తిప్పుతూ ఆరబెట్టండి. ప్రతి సాయంత్రం ఒక ఉండను తూచి, తేదీ వేసి రాసి పెట్టుకోండి. వరుసగా రెండు రోజులు అదే తూకం వస్తే, ఆరుబయట, పెద్దవాళ్ల ఎదుట ఒకటి వెలిగించి చూడండి. పొగ ఎంతసేపు వచ్చిందో, ఏ రంగులో వచ్చిందో తూకాల పట్టికతోపాటు నాకు రాయండి.

ఇట్లు,
మీ తాతయ్య