ముక్కుదిబ్బడకు రేడియోఫ్రీక్వెన్సీ: పైపొర చెడకుండా లోపలి నుంచి చికిత్స

ఏళ్ల తరబడి ముక్కుదిబ్బడతో, రాత్రిళ్లు నోటితో గాలి పీల్చేవాళ్లలో చాలామందికి అడ్డం పడేది కింది టర్బినేట్. స్కాన్‌లో ఇది ఉబ్బి కనిపిస్తే 'కండ పెరిగింది' అంటారు. నిజానికి అందరికీ పుట్టుకతోనే ఉండే మడత ఇది. మధ్యలో పలుచని ఎముక, పైన తడి పొర, ఆ రెంటి నడుమ రక్తంతో ఉబ్బే సిరల గూళ్లు. పీల్చిన గాలిని వెచ్చబరచడం, తడపడం దీని పని. అలర్జీ వల్లో, ముక్కు తెరిపించే చుక్కల మందు వారాల తరబడి వాడడం వల్లో ఆ ఉబ్బు దిగకుండా నిలిచిపోతుంది. దీని ముందు కొస ఉండేది ముక్కు దారిలో అన్నిటికంటే ఇరుకైన చోట. అక్కడ ఒకటి రెండు మిల్లీమీటర్లు వాచినా గాలి ఆడడం కష్టమవుతుంది.

ఈ ఉబ్బును తగ్గించే ఒక పద్ధతి రేడియోఫ్రీక్వెన్సీ: టర్బినేట్‌లోకి సూది గుచ్చి, దాని గుండా అధిక పౌనఃపున్య కరెంటు పంపి, ఆ వేడితో లోపలి కణజాలాన్ని కుదించడం. దాన్ని నిర్ణయించే ముందు ఒక చిన్న పరీక్ష తప్పకుండా చేయాలి. క్లినిక్‌లో ముక్కు తెరిపించే జైలోమెటజోలిన్ స్ప్రే కొట్టి 10-15 నిమిషాలు ఆగి, ఎండోస్కోప్‌తో మళ్లీ చూస్తారు. ముక్కు బాగా తెరుచుకుంటే సమస్య మెత్తని కణజాలంలో ఉన్నట్టు. తెరుచుకోకపోతే ఎముకనో, వంకర దూలాన్నో (రెండు ముక్కు రంధ్రాల నడుమ గోడ), పాలిప్స్‌నో (ముక్కులో వేలాడే మెత్తని బుడిపెలు) అనుమానించాలి. వాటికి ఈ చికిత్స పనిచేయదు. స్టెరాయిడ్ స్ప్రే, ఉప్పునీటి కడుగుడు కనీసం ఆరు వారాలు సరిగ్గా వాడి చూడందే సూది పట్టుకోవడం తొందరపాటు. స్ప్రేను దూలం వైపు కొడితే రక్తం కారవచ్చు, మందు చేరాల్సిన చోటికి చేరదు. ఎడమ ముక్కుకు కుడి చెయ్యి వాడితే కొస దానంతటదే బయటి గోడవైపు తిరుగుతుంది.

చికిత్స చాలామందికి మత్తు లేకుండా, తిమ్మిరి మందుతోనే అయిపోతుంది. లిగ్నోకెయిన్, అడ్రినలిన్‌లో తడిపిన దూదిని కాసేపు ముక్కులో ఉంచి, తర్వాత టర్బినేట్‌లోకి ఇంజెక్షన్ ఇస్తారు. దాని ముందు కొసలో సూది ఎలక్ట్రోడ్ గుచ్చి, పొర కింద ఎముక పక్కగా వెనక్కి తోస్తారు. కణజాలం సుమారు 60 నుంచి 85 డిగ్రీల సెల్సియస్ వరకు వేడెక్కుతుంది. పాతకాలపు కాటరీలో (కణజాలాన్ని కాల్చే పద్ధతి) ఈ వేడి వందల డిగ్రీలు. లోపల వేడికి దెబ్బతిన్న భాగం మచ్చకట్టి, వారాల మీద కుంచించుకుపోతుంది.

అంతా సూది లోతులో ఉంది. పొరకు మరీ దగ్గరైతే పైన పుండుపడి పక్కులు కడతాయి. ఎముకను కాల్చితే దాని ముక్క చచ్చి, దుర్వాసన మొదలవుతుంది. ఎదురుగా దూలం మీద కూడా గాయమైతే రెండూ అతుక్కుపోవచ్చు. వెనక కొస దగ్గర పెద్ద రక్తనాళాలుంటాయి, అక్కడ చాలా జాగ్రత్త కావాలి.

మొదటి వారం ముక్కు మునుపటికంటే ఎక్కువ బిగుస్తుంది. చాలామంది ఇక్కడే భయపడతారు. అది వాపు మాత్రమే. రోజుకు మూడు నాలుగుసార్లు ఉప్పునీటి స్ప్రే, తుమ్మొస్తే నోరు తెరిచి తుమ్మడం, ముక్కు గట్టిగా చీదకపోవడం చాలు. అసలు ఫలితం తెలిసేది నాలుగు నుంచి ఎనిమిది వారాలకు.

టర్బినేట్‌ను మొత్తం కోసేయమని అడిగేవాళ్లున్నారు. అది ప్రమాదం. గాలి చల్లదనాన్ని పసిగట్టే నరాల కొసలు ఆ పొరలోనే ఉన్నాయి. అవి పోతే దారి ఎంత వెడల్పుగా ఉన్నా గాలి అందనట్టే ఉండే 'ఎంప్టీ నోస్' బాధ రావచ్చు. తీసేసిన టర్బినేట్‌ను మళ్లీ పెట్టలేం. రేడియోఫ్రీక్వెన్సీతో తగ్గింది చాలకపోతే కొన్ని నెలలకు ఇంకోసారి చేయవచ్చు. అలర్జీ ఉన్నవాళ్లు మాత్రం ముక్కు తెరుచుకున్నాక కూడా స్టెరాయిడ్ స్ప్రే మానకూడదు. మానేస్తే వాపు మళ్లీ రావచ్చు.