వైరస్ కనిపించడం లేదు, మరి మాత్ర ఎందుకు?

కాలేయాన్ని దెబ్బతీసే హెపటైటిస్ బి వైరస్‌కి మందు వాడేవాళ్లు తరచూ అడిగే ప్రశ్న: "రిపోర్టులో వైరస్ లేదని వచ్చింది, ఇక మాత్ర ఆపేయొచ్చా?" చాలామంది ఆపకూడదు. ఎందుకో అర్థం కావాలంటే పెడన కలంకారీ అద్దకాన్ని తలుచుకోండి.

అక్కడ చెక్క దిమ్మ మీద డిజైను చెక్కి, రంగులో ముంచి బట్ట మీద అద్దుతారు. దిమ్మ ఉన్నంతకాలం ఎన్ని బట్టలైనా అద్దుకోవచ్చు. ఈ వైరస్ కూడా కాలేయ కణం కేంద్రకంలో అలాంటి దిమ్మనే దాచుకుంటుంది. దాని పేరు సిసిసి డీఎన్ఏ, కొసలు కలిసిపోయిన గుండ్రటి డీఎన్ఏ. కణం తన జన్యువుల్ని చదివినట్టే దీన్నీ చదివి ఆర్ఎన్ఏ తీస్తుంది. అదే అద్దిన బట్ట. విశేషం ఇక్కడుంది: ఈ వైరస్ బట్టను చూసి మళ్లీ దిమ్మ చెక్కుతుంది, అంటే ఆర్ఎన్ఏ నుంచి డీఎన్ఏ తయారుచేస్తుంది. చెక్కే ఉలి పేరు రివర్స్ ట్రాన్‌స్క్రిప్టేజ్.

టెనోఫోవిర్, ఎంటెకావిర్ అనే మందులు అడ్డుకునేది ఈ ఉలినే. టెనోఫోవిర్ డీఎన్ఏ గొలుసులోని 'ఎ' అక్షరంలా ఉంటుంది కానీ, తర్వాతి లంకె తగిలించడానికి దానికి కొక్కెం లేదు. అది చేరిన చోటే గొలుసు ఆగిపోతుంది. రక్తంలో వైరస్ లెక్క పడిపోతుంది. కేంద్రకంలోని పాత దిమ్మ మాత్రం చెక్కుచెదరదు, అద్దకమూ ఆగదు. డీఎన్ఏ కనిపించకపోయినా హెచ్‌బిఎస్ యాంటిజెన్ (వైరస్ పైపొర ప్రొటీన్) ఏళ్ల తరబడి పాజిటివ్‌గా వచ్చేది అందుకే. మందు పనిచేయడం లేదని కంగారుపడనక్కర్లేదు.

మాత్ర మానేస్తే వారాల్లోనో నెలల్లోనో ఉలి మళ్లీ కదులుతుంది. ఎఎల్‌టి (కాలేయ కణాలు దెబ్బతింటే రక్తంలో పెరిగే ఎంజైమ్) ఎగబాకుతుంది. సిర్రోసిస్ (కాలేయం మచ్చలు కట్టి గట్టిపడడం) ఉన్నవాళ్లకు ప్రాణం మీదికే రావచ్చు. పసరు తాగి మాత్రలు మానేసేవాళ్ల గురించే నా దిగులంతా. హెపటైటిస్ ఎ, ఇ రకాల కామెర్లు చాలామందిలో వాటంతటవే తగ్గుతాయి, పేరు మాత్రం పసరుకొస్తుంది. ఏళ్లుగా పాతుకున్న బి వైరస్‌తో ఆ లెక్క కుదరదు.

హెపటైటిస్ సికి దిమ్మే లేదు. సోఫోస్బువిర్ 400 మి.గ్రా., డక్లాటాస్విర్ 60 మి.గ్రా. రోజూ 12 వారాలు వాడితే నూటికి 90 మందికి పైగా పూర్తిగా నయమవుతుంది.

బికి టెనోఫోవిర్ డైసోప్రాక్సిల్ రోజుకు 300 మి.గ్రా. మూత్రపిండాలు, ఎముకల ఇబ్బంది ఉంటే టెనోఫోవిర్‌లోనే అలఫెనమైడ్ రకం 25 మి.గ్రా. లేదా ఎంటెకావిర్ 0.5 మి.గ్రా. ఇస్తారు. ఎంటెకావిర్‌ను తిన్న రెండు గంటల తర్వాత వేసుకుని, మరో రెండు గంటలు ఏమీ తినకూడదు. మొదలుపెట్టేముందు హెచ్ఐవి పరీక్ష తప్పనిసరి. అదీ ఉంటే ఒక్క టెనోఫోవిర్‌తో హెచ్ఐవి మందుకు లొంగకుండా తయారవుతుంది. పాత మందు లామివుడిన్‌తో బి వైరస్ చేసింది అదే, ఐదేళ్లలో దాదాపు 70 శాతం మందిలో మొండికేసింది.

ఓపిగ్గా వాడితే ఏమవుతుందో 2013లో తేలింది. ఐదేళ్లు టెనోఫోవిర్ వాడాక బయాప్సీ (కాలేయం నుంచి చిన్న ముక్క తీసి పరీక్ష) చేసిన 348 మందిలో, మొదట సిర్రోసిస్ ఉన్నవాళ్లు 96 మంది. వాళ్లలో 71 మందికి ఆ దశ పోయింది. గట్టిపడ్డ కాలేయం మళ్లీ మెత్తబడింది! అయినా వైరస్ డీఎన్ఏ ముక్కలు కొన్ని మన క్రోమోజోముల్లోనే అతుక్కుని ఉంటాయి, క్యాన్సర్ ముప్పు తగ్గుతుందే కానీ పోదు. సిర్రోసిస్ వచ్చినవాళ్లు ఆరు నెలలకోసారి అల్ట్రాసౌండ్ తీయించుకుంటూనే ఉండాలి.