పుట్టిన గడ్డ పౌరసత్వం: సెనేటర్ ట్రంబుల్ చెప్పిన మాట

2025 జనవరి 20న అధ్యక్షుడిగా ప్రమాణం చేసిన రోజే ట్రంప్ ఒక ఉత్తర్వు మీద సంతకం పెట్టారు. తల్లి తాత్కాలిక వీసా మీద ఉండి, తండ్రికి పౌరసత్వమో గ్రీన్ కార్డో లేకపోతే, అమెరికాలో పుట్టినా ఆ బిడ్డ పౌరుడు కాదని దాని సారాంశం. హెచ్1బీ మీద ఉన్న మన కుటుంబాల్లో ఎంత టెన్షన్ మొదలైందో గుర్తుండే ఉంటుంది. ఉత్తర్వు అమల్లోకి వచ్చేలోపే సిజేరియన్ చేయమని దంపతులు డాక్టర్లను అడుగుతున్నారని వార్తలు వచ్చాయి. కోర్టులు ఉత్తర్వును ఆపాయి, వివాదం సుప్రీంకోర్టుకు చేరింది. ఈ వాదనల్లో రెండు పక్షాలూ తమకు సాక్ష్యంగా తెచ్చుకునే పేరు ఒకటుంది. అది లైమన్ ట్రంబుల్.

1813లో కనెక్టికట్‌లో పుట్టిన ట్రంబుల్, జార్జియాలో బడి పంతులుగా చేస్తూనే లా చదువుకున్నారు. 1837లో ఇల్లినాయ్‌లోని బెల్‌విల్‌కు వచ్చి ప్రాక్టీసు పెట్టారు. ఒహాయో నదికి వాయవ్యంగా ఉన్న ప్రాంతంలో బానిసత్వం ఉండకూడదని 1787 నాటి శాసనం చెబుతున్నా, ఇల్లినాయ్‌లోని పాత ఫ్రెంచి కుటుంబాలు బానిసలను వదల్లేదు. వాళ్ల సంతానాన్నీ వదల్లేదు. జోసెఫ్ జారట్ అనే నల్లజాతి యువకుడు తన యజమానురాలి మీద కేసు వేస్తే, అతని తరఫున వాదించిన లాయర్లలో ట్రంబుల్ ఒకరు. 1787 తర్వాత ఆ గడ్డ మీద పుట్టినవారు బానిసలు కారని 1845లో రాష్ట్ర సుప్రీంకోర్టు తేల్చింది. ట్రంబుల్ తర్వాత చేసిన పనికి బీజం ఈ కేసులోనే ఉందని నాకనిపిస్తుంది. మనిషి హక్కును తేల్చాల్సింది తల్లిదండ్రుల స్థితా, పుట్టిన చోటా అన్న ప్రశ్న ఆయన ముందుకు అప్పుడే వచ్చింది.

1855లో సెనేట్ సీటు కోసం పోటీ. అప్పట్లో సెనేటర్లను రాష్ట్ర శాసనసభలే ఎన్నుకునేవి. మొదటి విడతలో అబ్రహాం లింకన్‌కు 45 ఓట్లు, ట్రంబుల్‌కు అయిదే. బానిసత్వ విస్తరణను సమర్థించేవాళ్లు గెలిచేలా ఉన్నారని చూసి, లింకన్ తన వాళ్లందరినీ ట్రంబుల్‌కు ఓటేయమన్నారు. పదో విడతలో 51 ఓట్లతో ట్రంబుల్ గెలిచారు. ఆయన భార్య జూలియా, లింకన్ భార్య మేరీకి ప్రాణ స్నేహితురాలు. ఆ ఓటమితో స్నేహం తెగిపోయింది.

సెనేట్ న్యాయకమిటీ అధ్యక్షుడిగా బానిసత్వాన్ని రద్దు చేసిన 13వ సవరణను ఆయనే సభలో ముందుకు నడిపించారు. 1866లో పౌరహక్కుల బిల్లు తెచ్చారు. జనవరి 30న పెన్సిల్వేనియా సెనేటర్ ఎడ్గార్ కోవన్ లేచి, ఇక్కడ పుట్టిన చైనీయుల పిల్లలకు, జిప్సీల పిల్లలకు కూడా దీనివల్ల పౌరసత్వం వచ్చేస్తుందా అని అడిగారు. ట్రంబుల్ జవాబు: ‘నిస్సందేహంగా.’ యూరప్ వాళ్ల బిడ్డ ఎంత పౌరుడో ఆసియా వాళ్ల బిడ్డా అంతే పౌరుడని కూడా అన్నారు. 160 ఏళ్ల కిందట, ఆసియా వాళ్లంటే బాహాటంగా ఏవగించుకునే రోజుల్లో అన్న మాట ఇది. బిల్లును అధ్యక్షుడు ఆండ్రూ జాన్సన్ వీటో చేసినా, ఏప్రిల్ 9న కాంగ్రెస్ దాన్ని తోసిపుచ్చి చట్టం చేసింది.

మరి ట్రంప్ ఉత్తర్వును సమర్థించేవాళ్లు ట్రంబుల్‌ను ఎలా వాడుకుంటున్నారు? అమెరికాలో పుట్టి, దాని అధికార పరిధికి లోబడి ఉన్నవాళ్లు పౌరులేనని చెప్పేది రాజ్యాంగ 14వ సవరణ. అదే ఏడాది మే 30న దాని మీద చర్చలో, ‘అమెరికా అధికార పరిధికి లోబడి’ అంటే మరెవరికీ విధేయత లేకపోవడమేనని ట్రంబుల్ అన్నారు. వీసా మీద వచ్చినవాళ్ల విధేయత సొంత దేశానిదే కదా అన్నది వాళ్ల వాదన. కానీ ఆ రోజు చర్చ నడిచింది సొంత పాలన ఉన్న ఆదివాసీ తెగల గురించి. సందర్భం తీసేసి మాటను మాత్రమే పట్టుకోవడం న్యాయం కాదు.

1868లో జాన్సన్‌ను అభిశంసించినప్పుడు, సొంత పార్టీని కాదని ఆయన నిర్దోషి అని ఓటేసిన ఏడుగురు రిపబ్లికన్లలో ట్రంబుల్ ఒకరు. ఒక్క ఓటు తేడాతో జాన్సన్ పదవి నిలిచింది. ఎనభై దాటిన వయసులో ట్రంబుల్, కార్మిక నాయకుడు యూజీన్ డెబ్స్ తరఫున సుప్రీంకోర్టులో నిలబడ్డారు. 1896 జూన్‌లో కన్నుమూశారు.

1873లో శాన్ ఫ్రాన్సిస్కోలో చైనా తల్లిదండ్రులకు పుట్టిన వాంగ్ కిమ్ ఆర్క్ చైనా వెళ్లి తిరిగొస్తే, నువ్వు పౌరుడివి కాదని ఓడరేవులో ఆపేశారు. కోవన్ అడిగిన ప్రశ్నే అది. 1898లో సుప్రీంకోర్టు 6-2 తీర్పుతో అతను పౌరుడేనని ప్రకటించింది. ట్రంబుల్ చనిపోయి అప్పటికి రెండేళ్లయినా నిండలేదు.