జరిమానా ఒకటే, భారం ఒకటేనా? చలాన్ల రాయితీ వెనుక కథ

ట్రాఫిక్ చలాన్లకు మళ్లీ రాయితీ ఎప్పుడన్న మాట వచ్చిన ప్రతిసారీ ఇంకో ప్రశ్న కూడా వెంట వస్తోంది. రోజు కూలీ మీద బతికే మనిషికీ, కోటి రూపాయల కారులో తిరిగే మనిషికీ ఒకే తప్పుకు ఒకే జరిమానా ఏమిటని. దీనికి 1988 మోటారు వాహనాల చట్టం నుంచి మొదలుపెట్టక్కర్లేదు. అసలు మలుపు 2022 మార్చిలో ఉంది.

ఆ నెల 1 నుంచి తెలంగాణలో పెండింగ్ చలాన్లకు రాయితీ ఇచ్చారు. బైకులు, ఆటోలు పావు వంతు కడితే చాలు. కార్లు, లారీలు సగం కట్టాలి. కరోనా దెబ్బకు చితికిపోయిన పేద, మధ్యతరగతి వాళ్లకు ఊరట అన్నారు. సుమారు 300 కోట్లు వసూలైతే అందరూ ఆ అంకె గురించే మాట్లాడుకున్నారు. నాకు మాత్రం అంతకన్నా పెద్ద విషయం ఇంకొకటి కనిపిస్తుంది. బండిని చూసి మనిషి స్తోమత అంచనా వేయొచ్చని, జరిమానా ఆ స్తోమతను బట్టి తగ్గొచ్చని సర్కారే ఒప్పుకుంది. ప్రభుత్వం మారాక, 2023 డిసెంబరు 26న మొదలైన రాయితీలోనూ అదే పద్ధతి. బైకులు, ఆటోలకు 80 శాతం తగ్గింపు, కార్లు, లారీలకు 60, తోపుడు బండ్లకు 90.

కానీ ఈ న్యాయం దక్కింది కట్టకుండా ఆగినవాళ్లకే. చలాన్ పడిన వారంలోనే కట్టేసిన ఆటో డ్రైవర్‌కు ఏమీ మిగల్లేదు. హెల్మెట్ లేకపోతే 135 అనేది హైదరాబాద్‌లో బైకు నడిపేవాళ్లకు ఏళ్లపాటు కంఠతా వచ్చిన అంకె. వంద జరిమానా, 35 యూజర్ చార్జీలు. చిన్న మొత్తమే. అవే పదో పదిహేనో పోగుపడ్డాక ఏ కూడలిలోనో ఆపి బండి నంబరు కొడతారు. ఒకదాని కింద ఒకటి లిస్టు దిగుతుంది. అప్పటికప్పుడు కట్టమంటే డెలివరీ కుర్రాడికి ఆ రోజు సంపాదన మొత్తం పోయినట్టే. పెద్ద కారు ఓనర్‌కు అదే చలాన్ ఫోన్‌కు వచ్చే ఒక మెసేజ్.

ఇప్పుడు కాస్త వెనక్కి వెళ్లాలి. 2019 సెప్టెంబరు 1న కేంద్రం జరిమానాలు భారీగా పెంచింది. హెల్మెట్ లేకపోతే వంద ఉన్నది వెయ్యి అయింది, తాగి నడిపితే రెండు వేలు ఉన్నది పది వేలయింది. పది రోజులు తిరక్కుండానే గుజరాత్ చాలావాటిని తగ్గించేసింది. తెలంగాణ ఆ పెంపును అమలు చేయలేదు. ఆ గొడవలో ఎవరూ పెద్దగా పట్టించుకోనిది, మోటారు వాహనాల చట్టంలో అప్పుడే చేర్చిన 210ఎ సెక్షన్. రాష్ట్రాలు జరిమానాను పది రెట్ల దాకా పెంచుకోవచ్చు, వాహనాల తరగతిని బట్టి ఒక్కోదానికి ఒక్కో రెట్టు పెట్టుకోవచ్చు అని అందులో ఉంది. అంటే తలుపు అప్పుడే తెరిచి పెట్టారు. 2020 అక్టోబరులో ఆంధ్రప్రదేశ్ జరిమానాలు సవరిస్తూ వాహనాలను రెండుగా విడదీసింది. కానీ బైకు నుంచి ఏడు సీట్ల కారు దాకా అన్నీ ఒకే గంపలో పడ్డాయి.

తప్పు ఒకటైతే శిక్ష కూడా ఒకటే ఉండాలని, ఓనర్ చేయని తప్పుకు ఓనర్ సంపదను లెక్కేయడం ఏమిటని వాదించేవాళ్లున్నారు. జీతానికి నడిపే డ్రైవర్ల విషయంలో రెండో మాటకు బలం ఉంది.

ఫిన్లాండ్ మొదటి మాటకు 1921లోనే జవాబు చెప్పుకుంది. అక్కడ శిక్షను రూపాయల్లో కాదు, రోజుల్లో కొలుస్తారు. ఒక రోజు విలువ ఎంతన్నది ఆ మనిషి ఆదాయం తేలుస్తుంది. 2023లో ఆ దేశానికే చెందిన ఆలాండ్ దీవుల్లో ఒక సంపన్న వ్యాపారి 50 దాటకూడని చోట 82 వేగంతో వెళ్లి 1,21,000 యూరోలు కట్టాల్సి వచ్చింది. చిన్న చిన్న ఉల్లంఘనలకు మాత్రం అక్కడా అందరికీ ఒకే మొత్తం.

మన దగ్గర అందరి ఆదాయం లెక్క దొరకదన్నది నిజమే. బండి ధర మాత్రం దొరుకుతుంది. కారు కొన్న రోజునే ఆర్టీఏ ఇన్‌వాయిస్ చూసి, ధర పెరిగేకొద్దీ ఎక్కువ శాతం లైఫ్ ట్యాక్స్ కట్టించుకుంటోంది. చలాన్ వేసేటప్పుడు ఓనర్ పేరు, అడ్రసు వచ్చేదీ ఆ రిజిస్ట్రేషన్ నుంచే.