మిల్క్‌వెచ్ పేరు తేల్చేది పువ్వు కాదు, కాయ

అమెరికా పశ్చిమాన నెవాడా, ఐడహో, తూర్పు ఆరెగాన్ వైపు గంటల తరబడి ప్రయాణించినా కనిపించేది బూడిదరంగు సేజ్‌బ్రష్ పొదలే. వసంతంలో ఆ పొదల సందుల్లో, గులకరాళ్ల నేలను అంటిపెట్టుకుని మిల్క్‌వెచ్‌లు పూస్తాయి. చిక్కుడు కుటుంబమని చూడగానే తెలిసిపోతుంది: పువ్వులో పైన ధ్వజమనే పెద్ద రేక, పక్కన బాహువులనే రెండు రేకలు, కింద పడవలాంటి ద్రోణి. ద్రోణి కొస సూదిగా పొడుచుకొస్తే అది దీని దగ్గరి చుట్టం ఆక్సిట్రోపిస్, మొద్దుగా ఉంటే మిల్క్‌వెచ్, అంటే ఆస్ట్రగాలస్. అసలు కష్టం ఇక్కడే మొదలవుతుంది, ఎందుకంటే ఈ ప్రజాతిలో, అంటే దగ్గరి జాతుల గుంపులో, దాదాపు 3,000 జాతులున్నాయి, పూలమొక్కల్లో ఇంతకన్నా పెద్ద ప్రజాతి లేదు.

చాలామంది పువ్వు ఫోటో ఒక్కటి పెట్టి పేరు అడుగుతారు. దాంతో పని జరగదు. పర్ష్ మిల్క్‌వెచ్‌నే తీసుకోండి, ఒకచోట మీగడ రంగులో పూస్తుంది, ఇంకోచోట ఊదా రంగులో. కానీ కాయ కాసిందంటే పెద్దగా అనుమానం ఉండదు: పొట్టి కాయ, దాని నిండా తెల్లటి నూగు, మొక్క మొదట్లో ఎవరో దూది ఉండలు పారేసినట్టే ఉంటుంది. నూగు తొలగించి అడ్డంగా కోస్తే లోపల ఒకటే గది. అదే లెంటిజినోసస్ అనే ఇంకో మిల్క్‌వెచ్ జాతి కాయ అయితే ఉబ్బి ఉంటుంది, చాలాసార్లు పైన ఎర్రటి మచ్చలు, కొసన వంపు తిరిగిన ముక్కు, కోస్తే మధ్యలో అడ్డుగోడ, రెండు గదులు. పర్ష్ లాగే నూగు కాయలు కాసే జాతులు ఇంకా ఉన్నాయి కాబట్టి ఆకు మీది వెంట్రుకల్ని కూడా లెన్స్‌తో చూడాలి. కొన్ని జాతుల్లో వెంట్రుక మొదలు దగ్గర అతుక్కుని ఉంటుంది, కొన్నింట్లో నడుమ దగ్గర అతుక్కుని రెండు కొసలూ చెరో వైపుకి పోతాయి. న్యూయార్క్ బొటానికల్ గార్డెన్‌లో పనిచేసిన రూపర్ట్ బార్నబీ 1964లో ఉత్తర అమెరికా ఆస్ట్రగాలస్‌లన్నిటినీ రెండు సంపుటాల్లో వర్గీకరించింది ఇలాంటి చిన్న చిన్న గుర్తులు పట్టుకునే. ఆ ఓపికకి దండం పెట్టాలి.

ఇదంతా పేరు కోసమే కాదు. లెంటిజినోసస్ లాంటి కొన్ని జాతుల్లో ఒక ఫంగస్ కాపురముండి స్వైన్సొనిన్ అనే విషం తయారుచేస్తుంది. వారాల తరబడి ఆ మొక్కలు మేసిన పశువుల కణాల్లో ఒక ఎంజైము పనిచేయక చక్కెరలు పేరుకుపోతాయి, నరాలు దెబ్బతింటాయి, నడక తడబడుతుంది. పక్కనే ఉన్న ఇంకో జాతిలో ఆ విషం అసలు లేకపోవచ్చు.

కాబట్టి పూల కాలంలో వెళ్లినా మొక్క కింద నిరుటి ఎండు కాయ కోసం వెతకండి. కొన్ని మిల్క్‌వెచ్‌లు అంతరించిపోయే దశలో ఉండి చట్టరక్షణలో ఉన్నాయి, మొక్కని పీకొద్దు. కాయ, దాని అడ్డుకోత, ఆకు అడుగు భాగం ఫోటోలు తీశాక పువ్వు దగ్గరికి వెళ్లండి.