ఆకాశంలో ఆరు నిమిషాలు: పిల్లలకు ఒక ఉత్తరం

విశాఖపట్నం,
ఎంవీపీ కాలనీ

పిల్లలూ,

ఈ దీపావళికి స్కై షాట్లు కొనడం ఎందుకు, వీడియోలు చూసి మనమే చేసేద్దామని అడిగారు కదా. మందు కలపడం మన పని కాదు. ఇంట్లో కాదు, టెర్రస్ మీద కాదు, చిటికెడంత కూడా కాదు. కానీ షో తయారుచేయడం మన పనే, అసలు సరదా అంతా అందులోనే ఉంది. అది మీకు నేర్పాలనే ఈ ఉత్తరం.

వద్దని ఎందుకంటున్నానో కూడా చెప్పాలి. 2025 ఏప్రిల్‌లో మన పక్కనే, అనకాపల్లి జిల్లా కైలాసపట్నంలో బాణసంచా తయారుచేసే చోట పేలుడు జరిగి ఎనిమిది మంది పోయారు. వాళ్లకి అది రోజూ చేసే పని. పొడి మందుకి నిప్పే తగలక్కర్లేదు, కాస్త రాపిడి చాలు, ఒక్కోసారి నైలాన్ బట్టల్లో పుట్టే చిన్న కరెంటు మెరుపు చాలు. లైసెన్సు లేకుండా తయారుచేయడం నేరం కూడా. ఈ విషయంలో నాతో బేరాలాడొద్దు.

ఇక ఆకాశంలో జరిగేదేంటో చూద్దాం. పెద్ద ప్రదర్శనల్లో వాడే షెల్ అంటే అట్టతో చేసిన గుండ్రటి గుల్ల. దాని కింద పైకి ఎగదోసే మందు, లోపల చిన్న చిన్న రంగు ముద్దలు (వాటిని స్టార్లు అంటారు), నడిమధ్యన గుల్లని చీల్చే మందు ఉంటాయి. ఎగరేసే మంటే ఒక ఆలస్యపు వత్తిని కూడా అంటిస్తుంది. గుల్ల పైకి వెళ్తున్నంతసేపూ ఆ వత్తి లోపల కాలుతూ ఉంటుంది. గుల్ల వేగం తగ్గి, ఇంక కిందకి తిరగబోతోంది అనేటప్పటికి నిప్పు మధ్యకి చేరాలి. అప్పుడు పేలితేనే పువ్వు గుండ్రంగా విచ్చుకుంటుంది. ముందే పేలితే పైకి సాగిపోతుంది, ఆలస్యమైతే కిందకి జారుతుంది. ఈసారి చూసేటప్పుడు రంగుని కాదు, ఆ ఒక్క క్షణాన్ని పట్టుకోండి. స్టార్లు వెనక గీతలు వదిలితే చామంతి, గీతల్లేకుండా చుక్కలుగా విరిస్తే అది ఇంకో రకం. రెండూ వరసగా వచ్చినప్పుడు తేడా ఇట్టే తెలుస్తుంది.

ఎరుపు స్ట్రాన్షియం వల్ల వస్తుంది, పసుపు సోడియం వల్ల. తెల్లటి వెండి మెరుపు అల్యూమినియం, మెగ్నీషియం పుణ్యం. బంగారు రవ్వలు బొగ్గు, ఇనుము వల్ల. అన్నిటికంటే కష్టమైనది నీలం. అది రాగి నుంచి వస్తుంది, కానీ మంట మరీ వేడెక్కితే ఆ రంగునిచ్చే పదార్థమే విడిపోతుంది, చల్లబడితే వెలుగు చాలదు. అందుకే మంచి నీలం కనిపిస్తే దాన్ని చేసినవాళ్ల పనితనానికి మనసులో దండం పెట్టుకోండి. ఆకుపచ్చ రంగు బేరియంది. బేరియం లవణాలతో చేసే టపాకాయల్ని 2018లో సుప్రీంకోర్టు నిషేధించింది, గాలి కోసం. ఆ ఏడాదే దీపావళి రాత్రి 8 నుంచి 10 వరకే కాల్చాలని కూడా చెప్పింది. మనం కొనేవి గ్రీన్ క్రాకర్లే (రంగుని బట్టి కాదు, పొగ తక్కువ వచ్చేలా చేస్తారని ఆ పేరు), పెట్టె మీద సీఎస్‌ఐఆర్-నీరి అనే ప్రభుత్వ పరిశోధన సంస్థ గుర్తు చూసి మరీ తీసుకుందాం. ఆంధ్రా యూనివర్సిటీ ఇంజినీరింగ్ గ్రౌండ్‌లో దుకాణాలు పెట్టినప్పుడు మీరూ రండి, పెట్టెలు తిప్పి చూడటం నేర్పిస్తాను.

ఇప్పుడు మన షో సంగతి. పెద్ద షెల్స్ మనకి వద్దు, అవి అంగుళం సైజుకి సుమారు వంద అడుగుల చొప్పున పైకి వెళ్తాయి, లైసెన్సున్నవాళ్లే వాటిని ముట్టుకోవాలి. మనకి దుకాణంలో దొరికే పన్నెండు షాట్లు, ముప్పై షాట్ల పెట్టెలూ, తారాజువ్వలూ, చిచ్చుబుడ్లూ చాలు. షాట్ల పెట్టెకి వత్తి ఒకటే. వెలిగించాక గొట్టం నుంచి గొట్టానికి నిప్పు దానంతటదే వెళ్తుంది, మధ్యలో ఆపడం మన చేతిలో ఉండదు. మన చేతిలో ఉండేది వరస, వాటి మధ్య వదిలే ఖాళీ. అందుకే ప్రతి రకంలో ఒకటి ముందే కాల్చి, ఫోన్‌లో వీడియో తీసి, ఎన్ని సెకన్లు పడుతోందో, ఏ రంగు ఎప్పుడొస్తోందో కాగితం మీద రాసుకోవాలి.

చాలామంది అన్నిటినీ ఒకేసారి అంటించేస్తారు, నాకు అది అస్సలు నచ్చదు. తెల్లటి వెండి మెరుపు చూసిన కళ్లకి ఆ వెంటనే వచ్చే ఎరుపు వెలిసిపోయినట్టు కనిపిస్తుంది. కాబట్టి ఎరుపు, బంగారం ముందు, వెండి చివర. మధ్యలో ఐదారు సెకన్లు పూర్తి చీకటి వదలండి. దీపావళి అమావాస్య రాత్రి, పైన చంద్రుడు కూడా ఉండడు, అంత మంచి చీకటిని వాడుకోకపోతే ఎలా? మొదట నేల మీద చిచ్చుబుడ్లు, తర్వాత ఒక్కొక్క తారాజువ్వ, ఆ తర్వాతే షాట్లు. చూపు మెల్లగా పైకి లేవాలి.

పొగ గురించి ఎవరూ ఆలోచించరు. గాలి కదలకపోతే రెండో పెట్టెకే ఆకాశం మసకబారిపోతుంది. మన ఊళ్లో పగలు సముద్రం మీంచి గాలి వస్తుంది, రాత్రి ముదిరాక ఒడ్డు నుంచి సముద్రం వైపు మళ్లుతుంది. అయినా లెక్కల్ని నమ్మొద్దు, ఒక అగరొత్తి వెలిగించి పొగ ఎటు వంగుతోందో చూడండి. ఆ పొగ పోయే వైపు జనాన్ని కూర్చోబెట్టకూడదు. గాలి గట్టిగా ఉంటే షో లేదు, అంతే. హుద్‌హుద్ తుఫాను వచ్చిన 2014లో ఊరంతా విరిగిన కొమ్మలు ఎండిపోయి ఉన్నాయని ఆ దీపావళికి టపాకాయలే కాల్చొద్దన్నారు. మానేశాం, ఏమీ నష్టపోలేదు.

వెలిగించే పని పెద్దవాళ్లది. పెట్టెని గట్టి నేల మీద, చుట్టూ ఇటుకలు ఆనించి పెట్టాలి. అది పక్కకి ఒరిగితే మిగిలిన షాట్లన్నీ మనుషుల మీదకే వస్తాయి. మొహం ఎప్పుడూ గొట్టాల మీదకి వంగకూడదు, చెయ్యి చాచి పక్క నుంచి అంటించాలి. పేలలేదా, దగ్గరికి వెళ్లొద్దు, మళ్లీ వెలిగించొద్దు. అరగంట ఆగి బకెట్ నీళ్లలో ముంచేయాలి. నూలు బట్టలే వేసుకోండి. చురుక్కుమంటే ఇరవై నిమిషాలు కుళాయి నీళ్ల కింద పెట్టండి, పేస్టులూ సిరాలూ పూయొద్దు. మన ఉప్పు గాలికి వత్తులు చెమ్మగిల్లుతాయి, కానీ పెట్టెల్ని ఎండలోనో పొయ్యి దగ్గరో పెట్టొద్దు, మూసిన డబ్బాలో ఉంచితే చాలు.

మన ఊళ్లో నేవీ డే విన్యాసాలు జరిగితే అప్పుడు మీకో పని ఉంది. ఆర్కే బీచ్‌లో ఏదైనా పేలిన వెలుగు కనపడగానే సెకనుకి ఒకటి చొప్పున లెక్కపెట్టడం మొదలుపెట్టండి. శబ్దం సెకనుకి సుమారు 340 మీటర్లు నడుస్తుంది, మూడు అంకెలకి చప్పుడు వినిపిస్తే అది మీకు కిలోమీటరు దూరంలో ఉన్నట్టు. కైలాసగిరి మీంచి చూసేవాళ్లకి ఇంకా ఆలస్యంగా వినిపిస్తుంది.

మొత్తం ఆరు నిమిషాలకి మించొద్దు. పెద్ద చప్పుడువి వద్దు, మూడో అంతస్తు బామ్మగారికి గుండె జబ్బు, గేటు దగ్గర కుక్కపిల్లలున్నాయి. ఆదివారం సాయంత్రం గళ్ల కాగితాలూ, రంగు పెన్సిళ్లూ పట్టుకుని రండి. అడ్డంగా సెకన్లు, నిలువుగా ఎత్తు గీసుకుందాం. ఎవరి వరస బాగుంటే ఈ ఏడు వాళ్లదే కాలుద్దాం.

మీ తాతయ్య