సిటీ సెంటర్‌లో ఫ్రీ వైఫై: అపోహలు - వాస్తవాలు

బెంగళూరు వీధుల్లో వైఫై నెట్‌వర్కులు డిజైన్ చేసి, బిగించి, చెడిపోతే బాగుచేయించే పని నాది. సొంతూరు హిందూపురం. ఊరెళ్లినా, ఇక్కడి తెలుగు వాట్సాప్ గ్రూపుల్లోనైనా నాకు ఎదురయ్యే ప్రశ్న ఒకటే: "ఇంత పెద్ద ఐటీ సిటీ కదా, ఎంజీ రోడ్డులో కూడా ఫ్రీ వైఫై సరిగ్గా రాదేం?" అడిగేవాళ్ల దగ్గర జవాబు కూడా రెడీగా ఉంటుంది. లంచాలు, నిర్లక్ష్యం. అవి లేవని నేననను గానీ, అసలు చిక్కు చాలావరకు స్తంభం మీది పెట్టెలో కాదు, దాని వెనకాల ఉంటుంది.

అపోహ: పెట్టె బిగిస్తే వైఫై వచ్చేసినట్టే.

పెట్టె బిగించడం గంట పని. యాక్సెస్ పాయింట్ అని మేం పిలిచే ఆ తెల్ల పెట్టె నుంచి మీ ఫోన్ దాకానే వైర్‌లెస్. అటుపక్క అంతా వైరే. అక్కడిదాకా ఫైబర్ రావాలి, కరెంటు రావాలి. ఫైబర్ కోసం రోడ్డు తవ్వాలంటే పర్మిషన్ కావాలి, తవ్విన చోట మళ్లీ రోడ్డు వేయడానికి ముందే డబ్బు కట్టాలి. టెండర్‌ష్యూర్ అనే రోడ్ల పథకం కింద కట్టిన రెసిడెన్సీ రోడ్డు, సెయింట్ మార్క్స్ రోడ్డు లాంటి చోట్ల ఫుట్‌పాత్ కిందే కేబుళ్ల కోసం డక్టులు వేశారు కాబట్టి పని హాయిగా సాగుతుంది. అదే చిక్‌పేట, అవెన్యూ రోడ్డు సందుల్లోకి వెళ్తే కేబుల్ ఒక మేడ మీది నుంచి ఇంకో మేడ మీదికి వేలాడుతూ పోవాల్సిందే. చెట్టు కొమ్మలు కొట్టేవాడి కత్తి పొరపాటున ఒక్కసారి తగిలితే వీధి మొత్తానికి నెట్ పోతుంది.

ఇక కరెంటు. ఒక షాపింగ్ వీధిలో నెట్‌వర్క్ పగలంతా పనిచేయదు, సాయంత్రం ఆరున్నరకు దానంతటదే లేస్తుంది అని మమ్మల్ని పిలిచారు. అంతకుముందు చూసిన కాంట్రాక్టరు నెట్‌వర్క్ స్విచ్ మార్చాడు, ఫైబర్ టెస్ట్ చేయించాడు, సాఫ్ట్‌వేర్ అప్‌డేట్ చేశాడు. చివరికి సంగతి చెప్పింది లైన్‌మన్. "సార్, ఈ లైనుకు టైమర్ ఉంది. దీపాలు వెలిగినప్పుడే స్తంభానికి కరెంటు." వీధి దీపాలకు విడివిడిగా స్విచ్‌లుండవు, ఒక ప్యానెల్ నుంచి వరుసంతా ఒకేసారి వెలుగుతుంది, ఒకేసారి ఆరుతుంది. యాక్సెస్ పాయింట్‌కు పట్టేది 15 నుంచి 30 వాట్లే, ఒక చిన్న బల్బంత. ఆ కాస్త కరెంటు 24 గంటలూ ఇవ్వాలంటే వేరే లైను, వేరే మీటరు, ఆ మీటరు ఎవరి పేరు మీదో తేల్చే లెటర్లు. పక్క షాపు నుంచి తెచ్చుకుందామా అంటే, నెట్‌వర్క్ కేబుల్ మీద కరెంటు పంపే పద్ధతి 100 మీటర్లు దాటి పనిచేయదు. పైగా షాపువాళ్లు రాత్రి మెయిన్ ఆఫ్ చేసి ఇంటికెళ్తారు.

స్తంభం అద్దె పెద్ద ఖర్చేమీ కాదు. స్తంభాలకు బిగించే చిన్న మొబైల్ సిగ్నల్ పెట్టెలకు పట్టణాల్లో ఒక్కో స్తంభానికి ఏడాదికి 300 రూపాయలని 2022లోనే కేంద్రం రూల్స్‌లో పెట్టింది. టెన్షన్ అంతా ఆ స్తంభం ఎవరిదో తేల్చుకోవడంలోనే. దీపం కార్పొరేషన్‌ది, కరెంటు సప్లై చేసే బెస్కాం సంస్థది, మెట్రో పిల్లరైతే మెట్రోది. 2025 సెప్టెంబరులో బెంగళూరు మొత్తానికి ఉన్న ఒకే కార్పొరేషన్ బీబీఎంపీ పోయి ఐదు కార్పొరేషన్లు వచ్చాక, పాత ఫైలు ఎవరి టేబుల్ మీదుందో వెతుక్కోవడం ఇంకో పనైంది.

అపోహ: సిగ్నల్ గీతలు నిండుగా ఉంటే నెట్ రావాల్సిందే. రావట్లేదంటే పవర్ పెంచాలి.

నాకు అన్నిటికంటే ఎక్కువగా వచ్చే కంప్లైంట్ ఇదే, జనం ఎక్కువగా పొరబడేదీ ఇక్కడే. ఫోన్ మీద కనిపించే గీతలు యాక్సెస్ పాయింట్ మాట మీకు వినబడుతోందని మాత్రమే చెబుతాయి. మీ ఫోన్ మాట దానికి వినబడుతోందా అన్నది ఆ గీతల్లో ఉండదు. ఫోన్‌లో ఉండేది చిన్న యాంటెన్నా, బ్యాటరీ ఆదా కోసం తక్కువ పవర్. సభలో మైకు పట్టుకున్నాయన మాట చివరి వరుసదాకా వినబడుతుంది గానీ, చివరి వరుసలోని మనిషి అడిగిన ప్రశ్న స్టేజీ మీదికి వినబడదు కదా. మైకు వాల్యూమ్ పెంచితే ఆ ప్రశ్న వినబడుతుందా? పవర్ పెంచమనడం అలాంటిదే.

రెండో సంగతి, వైఫైలో ఒక ఛానల్ మీద ఒక సమయంలో ఒక్కరే మాట్లాడగలరు. మిగతావాళ్లు ఆగాలి. దూరంగా, చెట్టు చాటున ఉన్న ఫోన్ అతి తక్కువ స్పీడ్‌లో మాట్లాడుతుంది కాబట్టి అదే ఫొటో పంపడానికి పదింతల సమయం తీసుకుంటుంది. అంతసేపూ దగ్గరున్నవాళ్ల ఫోన్లు కూడా కాచుక్కూర్చుంటాయి. అందుకే వీధి నెట్‌వర్క్ నెమ్మదిగా ఉందంటే మేం ముందు చేసే పని పవర్ తగ్గించడం. 1, 2 ఎంబీపీఎస్ లాంటి పాత స్పీడ్‌లు ఆపేస్తాం. అప్పుడు దూరపు ఫోన్ దీన్ని వదిలేసి దగ్గర్లోని ఇంకో యాక్సెస్ పాయింట్‌ను పట్టుకుంటుంది. ఇది చెప్తే కస్టమర్లు నమ్మరు, తగ్గించి చూపించాలి.

పైగా వైఫై వాడుకునే 2.4 గిగాహెర్ట్జ్ అనే తరంగాల బ్యాండ్‌లో ఒకదానికొకటి తగలకుండా వాడుకోగలిగిన ఛానళ్లు మూడే: 1, 6, 11. కమర్షియల్ స్ట్రీట్‌లో ప్రతి షాపుకూ ఒక రౌటర్, పైన ఆఫీసులకు ఒక్కోటి, అందులో సగం ఛానల్ 3లోనో 4లోనో కూర్చుని రెండుపక్కలా గోల చేస్తుంటాయి. ఈ బ్యాండ్‌కు 2005 నుంచి లైసెన్స్ అక్కర్లేదు, అందుకే ఎవరినీ ఏమీ అనలేం. కాస్త ఊపిరాడింది 2018 అక్టోబరులో. 5 గిగాహెర్ట్జ్‌లో 605 మెగాహెర్ట్జ్ మేర లైసెన్స్ లేకుండా వాడుకోవచ్చన్నారు. కాకపోతే ఆ తరంగాలు ఎక్కువ దూరం పోవు, గోడలూ ఆకులూ వాటిని త్వరగా మింగేస్తాయి. ఆకులంటే గుర్తొచ్చింది: ఇక్కడి రోడ్ల మీది పెద్ద నిద్రగన్నేరు చెట్ల ఆకు రాలిన రోజుల్లో సర్వే చేసి లెక్కలేస్తే, జూన్ వానల్లో తడిసిన గుబురు కింద ఆ లెక్క తప్పుతుంది. పెట్టె ఎప్పుడూ కొమ్మల కిందే ఉండాలి, నాలుగైదు మీటర్ల ఎత్తు చాలు. స్తంభం కొసన పెడితే సిగ్నల్ పక్షులకే.

అపోహ: నమ్మ వైఫై ఫెయిలైంది, అంటే మన దగ్గర ఇది జరగని పని.

2014 జనవరిలో ఎంజీ రోడ్డు, బ్రిగేడ్ రోడ్డుతో పాటు మరికొన్ని చోట్ల కర్ణాటక ప్రభుత్వం నమ్మ వైఫై మొదలుపెట్టింది. 512 కేబీపీఎస్ స్పీడ్, ఒక్కొక్కరికి రోజుకు 50 ఎంబీ. ఇప్పుడు వింటే నవ్వొస్తుంది. ఆ స్పీడ్‌లో ఆపకుండా వాడితే 13 నిమిషాల్లో కోటా అయిపోతుంది. కానీ జియో వచ్చింది 2016 సెప్టెంబరులో. అంతకు రెండున్నరేళ్ల ముందు వీధిలో నిలబడి ఫ్రీగా ఈమెయిల్ చూసుకోవడం చిన్న విషయం కాదు. అది ఎక్కువ కాలం నిలబడలేదన్నది నిజం. అయితే వైర్‌లెస్ పనిచేయక కాదు. నెలనెలా బ్యాండ్‌విడ్త్‌కు, మెయింటెనెన్స్‌కు డబ్బు ఎక్కడి నుంచి రావాలన్న లెక్క గట్టిగా లేకపోతే ఏ వీధి నెట్‌వర్కైనా అంతే.

దీనికి ఎదురు ఉదాహరణ రైల్వే స్టేషన్లు. 2016 జనవరిలో ముంబై సెంట్రల్‌లో గూగుల్‌తో కలిసి రైల్వేల టెలికాం కంపెనీ రైల్‌టెల్ మొదలుపెట్టిన వైఫై 400కు పైగా స్టేషన్లకు వెళ్లింది. 2020లో గూగుల్ తప్పుకుంది. వైఫై మాత్రం ఆగలేదు, ఎందుకంటే పట్టాల పక్కన ఫైబర్ రైల్‌టెల్‌ది, ప్లాట్‌ఫాం మీద కరెంటు ఎప్పుడూ ఉంటుంది, రైలు కోసం జనం కూర్చునే ఉంటారు. 2021లో డబ్బు కట్టే ప్లాన్లు కూడా పెట్టారు: మొదటి అరగంట ఫ్రీ, ఆపైన కావాలంటే రోజుకు 10 రూపాయల నుంచి.

సిటీ మొత్తం కప్పేస్తాం అని ఎవరైనా అంటే మాత్రం నాకు అమెరికాలోని ఫిలడెల్ఫియా గుర్తొస్తుంది. 135 చదరపు మైళ్లు (దాదాపు 350 చదరపు కిలోమీటర్లు) కప్పుతామని 2004లో ప్రకటించారు, ఎర్త్‌లింక్ అనే కంపెనీ పని పట్టింది, 2008కి చేతులెత్తేసింది. పాత బీబీఎంపీ పరిధే 700 చదరపు కిలోమీటర్ల పైన, అంటే దానికి రెట్టింపు. నన్నడిగితే మెజెస్టిక్ బస్‌స్టాండ్, విక్టోరియా ఆస్పత్రి, కబ్బన్ పార్క్ లైబ్రరీ లాంటి జనం ఆగే చోట్లు చాలు. నడిచిపోయేవాడికి వైఫై అక్కర్లేదు.

అపోహ: యాడ్స్ పెడితే ఖర్చు దానంతటదే వచ్చేస్తుంది.

న్యూయార్క్‌లో పాత ఫోన్ బూత్‌లు తీసేసి 2016లో లింక్‌ఎన్‌వైసీ కియోస్కులు పెట్టారు, వాటి మీద యాడ్ తెరలు. అంత ఖరీదైన వీధుల్లో కూడా నగరానికి కడతామన్న డబ్బు బాకీ పడ్డారు. మన దగ్గర ఇంకో మెలిక ఉంది. ఫ్లెక్సులు, హోర్డింగుల మీద హైకోర్టు కోప్పడ్డాక 2018 ఆగస్టులో బీబీఎంపీ బయటి ప్రకటనలనే నిషేధించింది. యాడ్ తెరను నమ్ముకుని వేసిన లెక్కలన్నీ అప్పట్లో చెత్తబుట్టలోకే.

అపోహ: పబ్లిక్ వైఫైలో బ్యాంక్ యాప్ తెరిస్తే ఖాతా ఖాళీ.

పదిహేనేళ్ల కిందటైతే ఈ భయం సబబే. ఇప్పుడు బ్యాంక్ యాప్‌లు, పేరున్న సైట్లన్నీ ఎన్‌క్రిప్ట్ అయ్యే నడుస్తాయి. మధ్యలో ఎవడైనా వింటే మీరు ఏ సైటుకు వెళ్లారో తెలియొచ్చు గానీ పాస్‌వర్డ్ కనిపించదు. అసలు ప్రమాదం వేరే. అదే పేరుతో పక్కనే ఇంకొకడు ఫోన్ హాట్‌స్పాట్ పెట్టొచ్చు. మెజెస్టిక్‌లో కడప బస్సు కోసం ఎదురుచూసేవాడు పేరు చూసి కనెక్ట్ అవుతాడు, అచ్చం అలాంటి లాగిన్ పేజీయే వస్తుంది. నిజమైన పేజీ మీ ఫోన్ నంబర్, ఓటీపీ అడుగుతుంది, అంతే. ఆధార్ నంబర్, యూపీఐ పిన్ అడిగినా, ఏదైనా యాప్ ఫైల్ దించుకోమన్నా వెంటనే ఆపేయండి. ఆటో కనెక్ట్ కూడా తీసేయండి.

ఫ్రీ వైఫైలో మనమెవరో ఎవరికీ తెలియదనుకోవడం దీనికి తిరగేసిన అపోహ. 2008 పేలుళ్ల బెదిరింపు ఈమెయిళ్లు ఎవరివో తాళం లేని వైఫైల నుంచి వెళ్లాయని తేలాక, 2009 ఫిబ్రవరిలో టెలికాం శాఖ రూల్ పెట్టింది: ఫొటో గుర్తింపు కాపీ తీసుకోవాలి, లేదంటే మొబైల్‌కు లాగిన్ వివరాలు పంపి ఆ నంబర్‌ను ఏడాది పాటు దాచాలి. ఆ ఓటీపీ చిరాకంతా అక్కడి నుంచి వచ్చిందే. దానివల్ల రీచార్జ్ అయిపోయి ఇన్‌కమింగ్ కూడా ఆగిన ఫోన్‌వాళ్లు, ఇండియన్ సిమ్ లేని విదేశీయులు బయటే ఉండిపోతారు. వైఫై ఎక్కువ అవసరం ఉన్నది వాళ్లకే.

అపోహ: 5జీ వచ్చాక ఇక వైఫై ఎందుకు?

ఇది సగం నిజం. గూగుల్ స్టేషన్ల నుంచి తప్పుకుంటూ చెప్పిన కారణం మొబైల్ డేటా చవకైందనే. కానీ 2024 జూలైలో రీచార్జ్ రేట్లు పెరిగాయి. రోజుకు ఒకటిన్నర జీబీ ప్యాక్ మీద నడిచే పీజీ కుర్రాడు ల్యాప్‌టాప్‌లో ఒక్క అప్‌డేట్ వేస్తే ఆ రోజు కోటా అయిపోయినట్టే. బేస్‌మెంట్ షాపుల్లో టవర్ సిగ్నల్ సంగతి చెప్పక్కర్లేదు.

అపోహ: వీధి వైఫై పెట్టెల రేడియేషన్ ఆరోగ్యానికి హాని.

వీధి యాక్సెస్ పాయింట్ వదిలేది చాలాసార్లు 100, 200 మిల్లీవాట్లు, అదీ నాలుగైదు మీటర్ల ఎత్తు నుంచి. చెవికి ఆనించుకునే 4జీ ఫోన్ కూడా గరిష్ఠంగా 200 మిల్లీవాట్ల దాకా వదులుతుంది. దూరం పెరిగేకొద్దీ తీవ్రత ఎంత వేగంగా పడిపోతుందో పదో తరగతి పిల్లలనడిగినా చెప్తారు.

అపోహ: ఇదంతా పెద్ద కంపెనీల పని, మామూలు షాపువాడికి లైసెన్స్ ఇవ్వరు.

గాంధీనగర్‌లో జ్యూస్ షాపు పెట్టుకున్న మదనపల్లె ఆయన ఈమధ్య అడిగాడు, "అన్నా, నేను పెట్టుకుంటే పోలీసు కేసు అవుతుందా?" కాదు. 2020 డిసెంబరు 9న కేంద్ర కేబినెట్ ఒప్పుకున్న పీఎం-వాణి అనే పబ్లిక్ వైఫై పథకంలో షాపువాడిని పబ్లిక్ డేటా ఆఫీస్ అంటారు, అచ్చం పాత ఎస్‌టీడీ బూత్ లెక్క. అతనికి లైసెన్స్ అక్కర్లేదు, రిజిస్ట్రేషన్ అక్కర్లేదు, ఫీజు లేదు. లాగిన్లు, లెక్కలు, రికార్డులు చూసుకునే అగ్రిగేటర్ మాత్రం టెలికాం శాఖ దగ్గర రిజిస్టర్ కావాలి.

"మరి ఎవరూ పెట్టలేదేం?" అన్నాడు వెంటనే. మంచి ప్రశ్న. 2022 నాటికి కోటి హాట్‌స్పాట్లు అని 2018 టెలికాం పాలసీలో రాసుకున్నారు, దాని దరిదాపులకు కూడా రాలేదు. ఒక ముఖ్య కారణం నెట్ లైనే. ఇంటి బ్రాడ్‌బ్యాండ్‌ను ఇలా అమ్మకూడదంటూ నెట్ కంపెనీలు షాపువాళ్లను ఖరీదైన లీజ్డ్ లైన్ (ఆఫీసుల కోసం విడిగా ఇచ్చే లైను) తీసుకోమనేవి. ఐదు, పది రూపాయల వైఫై కూపన్లు అమ్ముకునేవాడు దాని బిల్లెలా కడతాడు? 2025 జూన్‌లో టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ దీనికి కళ్లెం వేసింది. 200 ఎంబీపీఎస్ దాకా ఇంటి ప్లాన్లను ఈ షాపులకూ ఇవ్వాలి, రేటు ఇంటి రేటుకు రెట్టింపు దాటకూడదు. ఇంటికి 700 అయితే షాపుకు 1,400 లోపే.

ఆయన కాలిక్యులేటర్ తీశాడు. నెలకు 1,400 అంటే రోజుకు దాదాపు 47, ఐదు రూపాయల కూపన్లు పది అమ్మాలి, అగ్రిగేటర్ వాటా పోను ఇంకొన్ని. రౌటర్ ఖర్చు వేరు. "కూపన్ కొన్నవాడు జ్యూస్ కూడా తాగితే గిట్టుతుంది" అన్నాడు. షాపు రోడ్డు వైపున్న గుంజ చూపించి పెట్టె అక్కడ పెడదామన్నాడు. లోపల ఫ్రిజ్ పక్కన వద్దు, అక్కడే సరైన చోటు అన్నాను.